ఒకే సంచిలో చెప్పులు

మఠం వీధిలో చెత్త సేకరించే పని నెత్తిన వేసుకున్నప్పటి నుంచి బసవలింగానికి నిద్ర పట్టడం లేదు. గురువు మహాంతయ్యస్వామి అతనికి మొదటిసారి అప్పగించిన పని అది. ఇది చెడితే జనం మళ్లీ చెత్తంతా కాలువలో పారేస్తారు. అతని పరువూ దాంతోపాటే పోతుంది.

దారులు రెండున్నాయి. ఇంటింటా తడిచెత్త ఒక బుట్టలో, కాగితాలూ సీసాలూ ఇంకో బుట్టలో వేయిస్తే రెండు బండ్లు తిప్పాలి. అంతా కలిపి ఇచ్చేయమంటే ఒక్క బండి చాలు, తర్వాత షెడ్డులో ఏరుకోవచ్చు.

"ఒక్క బండే మేలు స్వామీ. ఖర్చు సగం, జనానికీ సుఖం" అన్నాడు బసవలింగం. ఇంత తేలిక ఉపాయం గురువుగారికి తట్టలేదే అని లోలోపల కాస్త మురిశాడు కూడా.

"సాయంత్రం వీధివాళ్లు మఠానికి వస్తారుగా, వాళ్లకే చెప్పు" అన్నారు స్వామి. ఒక గోనెసంచి చేతికిచ్చారు. "బయట వానగా ఉంది. గడప దగ్గర నిలబడి అందరి చెప్పులూ ఇందులో వేసెయ్. వరసగా సర్దే పని తప్పుతుంది."

సాయంత్రం ఆ పని చిటికెలో అయిపోయింది. బసవలింగం హుషారుగా మాట్లాడాడు. అందరూ తలలూపారు, ఒక్క బండికే ఒప్పుకున్నారు.

వాళ్లు వెళ్లేముందు అతను సంచి బోర్లించాడు. గేదెల కొట్టం నుంచి నేరుగా వచ్చిన ఈరమ్మ చెప్పుల పేడ మిగతా అన్నిటికీ అంటుకుంది.

"ఏందప్పా ఇది, నిన్న కొన్న చెప్పులు" అంది గౌరమ్మ ముక్కు మూసుకుని.

"నాకు రెండూ ఎడమకాలివే దొరికినాయి" అన్నాడు దర్జీ సిద్దప్ప. అందరూ నవ్వారు. బసవలింగానికి మాత్రం తల కొట్టేసినట్టయింది. కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో చెప్పూ కడగసాగాడు. ఎంత కడిగినా గౌరమ్మ గుడ్డచెప్పులు బాగుపడలేదు. ఆమె వాటిని అక్కడే వదిలేసి వట్టికాళ్లతో బయల్దేరింది. మిగతావాళ్లు జతలు వెతుక్కుని ఒక్కొక్కరే కదిలారు.

స్వామి వచ్చి పక్కన కూర్చుని తానూ గౌరమ్మ వదిలేసిన చెప్పు ఒకటి అందుకున్నారు.

"సంచిలో వేసేటప్పుడు సుఖంగానే ఉండిందా నాయనా?"

"ఉండింది స్వామీ."

"ఎవరికి?"

బసవలింగం కుళాయి కట్టేశాడు. తడి చేతులతోనే వానలోకి పరుగెత్తాడు.

"గౌరమ్మక్కా, అందర్నీ ఒక్క నిమిషం ఆపు. ఇంటికి రెండు బుట్టలు కావాల."