పూలు రాల్చే పెట్టె

జిలానికి ఆ రోజు జనం మీద పీకల దాకా కోపం వచ్చింది.

ఆదోనిలో తన గురువు హజ్రత్ ఖలీలుల్లా షా నడిపే రక్తదాన సంఘానికి అతను ఒక విడ్జెట్ చేసిపెట్టాడు. విడ్జెట్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, వెబ్‌సైటులో ఓ మూలన కనబడే చిన్న పెట్టె. కాలేజీల వాళ్లూ బట్టల షాపుల వాళ్లూ తమ సైట్లలో దాన్ని పెట్టుకున్నారు. "నేను రక్తమిస్తా" అనే బటన్ నొక్కి పేరూ, ఫోన్ నంబరూ, బ్లడ్ గ్రూపూ ఇస్తే చాలు, తెర నిండా గులాబీ రేకులు రాలతాయి. ఏమన్నా అడగాలన్నా అందులోనే రాయొచ్చు. ఆ రేకులు రాలే తీరు కుదిరేదాకా జిలానికి నిద్ర పట్టలేదు. ముచ్చటగానే ఉంటుంది లెండి, నేనూ ఊరికే రెండుసార్లు నొక్కాను.

వందల మంది నొక్కారు. జిలాని కాళ్లు నేల మీద ఆనలేదు.

"వాళ్లంతా ఏమంటున్నారు బేటా?" అని హజ్రత్ ఒకసారి అడిగారు.

"ఏమంటారు హజ్రత్, పూలు చూసి మురిసిపోతున్నారు!"

అంతలో ఈరమ్మ కూతురికి రక్తం కావలసి వచ్చింది. ఈరమ్మ పత్తి మిల్లులో కూలి. పిల్లకు ఒంట్లో రక్తం నిలవని జబ్బు, నెలనెలా ఎక్కించాల్సిందే. ఈసారి ఆ గ్రూపు రక్తం ఆసుపత్రిలో లేదు. జిలాని తన పెట్టెలోంచి ఆ గ్రూపు వాళ్లందరికీ ఒకేసారి మెసేజి పంపి, ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు.

పొద్దు వాలింది. నరమానవుడు రాలేదు. మెట్ల మీద తల్లి ఒళ్లో పిల్ల పాలిపోయి పడుకుంది. "ఎవరన్నా వస్తాండారా అన్నా?" అని ఈరమ్మ అడిగినప్పుడల్లా జిలాని తలెత్తలేకపోయాడు.

అక్కడి నుంచి తిన్నగా హజ్రత్ ఇంటికి పరిగెత్తి తలుపు కొట్టాడు.

"స్పందించినందుకు ధన్యవాదాలు!" లోపలి నుంచి హజ్రత్ గొంతు హుషారుగా వినబడింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"హజ్రత్, నేను, జిలానిని. ఒక్కడూ రాలేదు. అందరూ అబద్ధాలకోరులే!"

"స్పందించినందుకు ధన్యవాదాలు!"

"అక్కడ పిల్ల పరిస్థితి బాగాలేదు హజ్రత్! ఏం చెయ్యాలో చెప్పండి!"

"స్పందించినందుకు ధన్యవాదాలు!" ఈసారి కిటికీలోంచి గుప్పెడు గులాబీ రేకులు కూడా వచ్చి జిలాని నెత్తిన పడ్డాయి.

అతనికి ఒళ్లు మండింది. మళ్లీ తలుపు బాదబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ మాట తను రాసిందే. ఎవరేం అడిగినా పెట్టె తనంతట తానే ఇచ్చే జవాబు అది.

అరుగు మీద కూలబడి ఫోన్ తీశాడు. జనం తిరిగి ఏం రాశారో అతను ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. పెట్టె చూసుకుంటోంది కదా అనుకున్నాడు.

"ఏ గేటు దగ్గరికి రావాలన్నా?"

"నిరుడు నాకు కామెర్లొచ్చినాయి. రక్తం ఇయ్యొచ్చునా?"

"ఆరింటికి డ్యూటీ దిగి వస్తా, పర్వాలేదా? ఇట్లు, హనుమంతు."

ప్రతిదాని కిందా అదే జవాబు. హనుమంతు మళ్లీ మళ్లీ అడిగాడు. అడిగినప్పుడల్లా పూలు రాలాయి.

జిలాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడే కూర్చుని హనుమంతుకు ఫోన్ చేశాడు.

"అయ్యో, బస్టాండు కాడే నిలబడుండా గదన్నా! ఎవరూ పలకకపోతే అవసరం తీరిపోయిందేమో అనుకుంటి. ఇదో, వస్తాండా!"

మర్నాటికి పిల్లకు రక్తం ఎక్కింది. బుగ్గలకు కాస్త రంగు రాగానే ఇడ్లీ కావాలని అమ్మ ప్రాణం తీసిందట.

ఆ కబురు చెప్పడానికి జిలాని హజ్రత్ దగ్గరికి వెళ్లాడు. తలుపు బార్లా తీసి ఉంది. ఆయన చేతులు కళ్లకద్దుకుని, "తప్పయిపోయింది హజ్రత్..." అని మొదలుపెట్టాడో లేదో, జేబులో ఫోన్ మోగింది. ఇప్పుడు ఆ పెట్టెలో ఎవరేం రాసినా జిలాని ఫోనే మోగుతుంది. గురువుగారి ముందు బాగుండదని దాన్ని ఆపబోయాడు.

హజ్రత్ అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఎవరో తలుపు కొడుతున్నారు బేటా. ముందు తీసి రా."