మహారాజు ఐదుసార్లు గెలిచిన కోట

ఒకానొక రాజ్యంలో, పేరు మంజరాద్రి అనుకోండి, ఒక పెద్ద విద్యాపీఠం ఉండేది. అందులో చరిత్రకు రెండు శాలలు. ఒకదానిలో స్వదేశ చరిత్ర చెప్పేవారు, రెండోదానిలో దేశదేశాల చరిత్ర. పెద్ద పరీక్షకు కూర్చోవాలంటే రెండూ చదవాల్సిందే.

ఆ రెండో శాలలో తాళపత్రాలకు నకళ్లు రాసే పని తిప్పాంబది. ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. రాస్తూ రాస్తూ, రాసినదాన్ని నమ్మాలా వద్దా అని తనలో తాను తగువు పెట్టుకుంటూ చరిత్ర నేర్చుకుంది. శాల ఆచార్యుడు కేశవభట్టు అది కనిపెట్టాడు.

"వచ్చే పౌర్ణమికి నకలు పని మానెయ్యమ్మా. నా దగ్గర విద్యార్థినిగా చేరు" అన్నాడు.

పౌర్ణమి రాలేదు గాని, రాజుగారు వచ్చారు.

రాజు చండకేతుడికి తన వంశమంటే తగని మోజు. ఆయన గుమ్మంలో నిలబడి విన్నప్పుడు కేశవభట్టు ఏం చెబుతున్నాడయ్యా అంటే, పొరుగున ఉన్న సారంగదేశపు కాలువల గురించి! రాజు ముఖం మాడిపోయింది.

"మన పీఠంలో పరాయివాళ్ల గొప్పలేమిటి?"

పక్కనే ప్రధానాచార్యుడు నరహరి సోమయాజి ఉన్నాడు. రాజు తుమ్మితే అందులో కూడా శుభశకునం చూపించే పండితుడు. "చిత్తం మహాప్రభూ! తమ వంశ చరిత్ర ఒక్కటి చదివితే చాలదూ?" అన్నాడు.

అక్కడికక్కడే ఆజ్ఞ అయిపోయింది. రెండో శాల మూసెయ్యాలి. అందులోని తాళపత్రాలన్నీ వంటశాల పొయ్యిలోకి పంపాలి. కొత్తగా స్వదేశ చరిత్ర రాయించాలి. అందులో పరదేశం పేరు ఒక్కటి కనపడకూడదు, మన ఓటమి ఒక్కటి వినపడకూడదు.

కేశవభట్టు కూలబడ్డాడు. నేనైతే స్తంభం చాటున దాక్కునేదాన్ని. తిప్పాంబ మాత్రం ముందుకు వచ్చి చేతులు జోడించింది.

"మహారాజా, ఆ చరిత్ర నన్ను రాయనివ్వండి. తమ నియమాలు అక్షరం తప్పను. విని తమకు నచ్చితే తాళపత్రాలు నేనే మోసుకెళ్లి పొయ్యి దగ్గర పడేస్తాను. నచ్చకపోతే శాల ఉండనివ్వండి."

"నకళ్లు రాసేదానివి, చరిత్ర రాస్తావా?" సోమయాజి నవ్వాడు.

"తమరు రాస్తానంటే ఇంకా మంచిది స్వామీ."

సోమయాజికి ఉన్నట్టుండి జపానికి వేళయింది.

"సరే, నువ్వే రాయి" అన్నాడు రాజు. "కానీ ఇక్కడి ఆచారం తెలుసుగా? కొత్త గ్రంథం నిండు సభలో చదవాలి. విన్నవాళ్లు ఏది అడిగినా జవాబు చెప్పాలి."

"తెలుసు మహారాజా. అందుకే ఒప్పుకున్నాను."

పదిహేను రోజులకు సభ తీరింది. రాజమాత కూడా వచ్చి కూర్చుంది. తిప్పాంబ గొంతు సవరించుకుంది.

"మహారాజుగారి ముత్తాత పదివేల సైన్యంతో ఏరు దాటారు. మూడు రోజులు ఘోరయుద్ధం చేశారు. గెలిచారు."

"భళా!" అన్నాడు సోమయాజి.

సేనాపతి లేచాడు. "ఎవరి మీద గెలిచారమ్మా?"

"ఏటికి అవతల ఉన్నది పరదేశం సేనాపతిగారూ, పేరు రాయకూడదు. ఈ గ్రంథం ప్రకారం అవతల ఎవరూ లేరు. పదివేలమందీ మూడు రోజులు ఖాళీ మైదానంలో కత్తులు తిప్పారు."

సేనాపతి మీసం వణికింది. తిప్పాంబ ఆగలేదు.

"తాతగారి కాలంలో మన గుర్రాలు సముద్రంలోంచి వాటంతట అవే ఒడ్డుకెక్కి వచ్చాయి. తరువాత తండ్రిగారు వివాహమాడారు. రాణిగారు ఒక శుభముహూర్తాన అంతఃపురంలో ఉన్నట్టుండి కనిపించారు."

రాజమాత దిగ్గున లేచింది. "ఏమే పిల్లా! వానకు మొలవడానికి నేనేమన్నా పుట్టగొడుగునా? నాకు పుట్టిల్లు లేదూ? సారంగదేశపు ఆడపడుచుని! అక్కడి కాలువలు తవ్వించింది మా తాతగారే!"

"క్షమించండమ్మా. తమ పుట్టిల్లు పరదేశం. పేరెత్తకూడదని తమ కుమారులవారి ఆజ్ఞ."

రాజమాత కొడుకు వైపు తిరిగి ఒక చూపు చూసింది. రాజు సింహాసనంలో ఇటునుంచి అటు జరిగాడు.

"అవన్నీ వదిలెయ్. మన విజయాలు చదువు" అన్నాడు హడావిడిగా.

"వజ్రగిరి కోటను ముత్తాతగారు జయించారు. నాలుగేళ్లకు మళ్లీ వారే జయించారు. తాతగారు జయించారు. తండ్రిగారు జయించారు. నిరుడు తమరు జయించారు. మొత్తం ఐదు విజయాలు!"

"అదీ చరిత్రంటే!" రాజు తొడ చరిచాడు. చెయ్యి ఇంకా తొడ మీదే ఉంది, కనుబొమలు మాత్రం దగ్గరకొచ్చాయి. "ఆగు. గెలిచిన కోటను మళ్లీ ఎందుకు గెలిచారు?"

"మధ్యలో జరిగింది చెప్పకూడదు మహారాజా."

"మరి నిరుడు నేను ముట్టడించినప్పుడు కోటలో ఎవరున్నారు?"

"పరదేశం వారు కాదు, వారి ఊసే లేదు గనుక. కోట మన చేయి దాటిపోనూ లేదు, మనకు ఓటమి లేదు గనుక. అంటే లోపల ఉన్నది మనవాళ్లే. తమరు మూడు నెలలపాటు మన కోటనే ముట్టడించి, మనవాళ్లనే తరిమికొట్టారు."

"నా భుజంలో బాణం దిగిందే!"

"అదీ మనవాళ్లదే అయి ఉండాలి మహారాజా. రేపటి నుంచి విద్యార్థులు ఇలాగే వల్లె వేస్తారు."

రాజు ముఖం ఎర్రబడింది. సోమయాజి వైపు తిరిగాడు.

"తమరు చెప్పండి ఆచార్యా, గ్రంథం ఎలా ఉంది?"

"మహాప్రభువులకు నచ్చితే అద్భుతం. నచ్చకపోతే... నాకు మొదటినుంచీ అనుమానమే."

ముందు రాజమాత ఫక్కున నవ్వింది. ఆ తరువాత రాజు. భుజం పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"నచ్చలేదమ్మా, అస్సలు నచ్చలేదు! శాల తెరిచే ఉంటుంది. ఒక్క ఆకు కూడా పొయ్యికి పోదు" అని మెడలోని ముత్యాల హారం తీసి తిప్పాంబకు ఇచ్చాడు. తరువాత ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. ఆ కోటను మనం ఎన్నిసార్లు పోగొట్టుకున్నాం?"

"నాలుగుసార్లు మహారాజా."

"ఎందుకు?"

"మనవాళ్లు రాసుకున్నది ఒకలా ఉంది, అవతలివాళ్లు రాసుకున్నది ఇంకోలా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే గాని చెప్పలేను. ఏడాదైనా పడుతుంది."

"చదువు. ఖర్చంతా ఖజానాదే" అన్నాడు రాజు. "కానీ కాస్త త్వరగా చదువమ్మా. ఐదోసారి పోకముందే నాకు చెప్పాలి."