చెంచా దించని రాజు

అనగనగా, మన ఊళ్ళో కాదు తల్లీ, ఉత్తరాన సముద్రం కూడా గడ్డకట్టేసేంత చలి దేశంలో, హాల్వార్ అని ఒక రాజు ఉండేవాడు. బొమ్మలాడుకునే వయసులోనే గద్దెక్కాడు పాపం. కూచుంటే కాళ్ళు నేలకి ఆనేవి కావు. అధికారం మాత్రం ఇంతా అంతా కాదు! ఆయన మాటే చట్టం. కాదనడానికి మంత్రికి లేదు, సభకి లేదు.

ఒక్కటే షరతు. తాతగారు పెట్టిన కట్టుబాటు ఏదీ మార్చనని పట్టాభిషేకం నాడు ఆయన చేత ఒట్టు వేయించారు.

ఆ తాతగారు ఒట్టి తిండిపోతు. పొద్దున్న కూచుంటే దీపాలు పెట్టేవేళకి గానీ లేచేవాడు కాదు. ఆయన లేచాక కూడా వడ్డన ఆగేది కాదు. పాపం చుట్టాలు "చాలు బాబోయ్" అని మొత్తుకునేవారు. అందుకని ఆయనే జాలిపడి ఒక కట్టుబాటు పెట్టాడు. రాజు చెంచా కింద పెట్టగానే అందరి కంచాలూ తీసెయ్యాలి, ఆ తర్వాత ఎవ్వరూ ఒక్క మెతుకు ముట్టకూడదు అని. అప్పట్లో అది మంచి కట్టుబాటే మరి!

మన హాల్వార్‌ది పిచిక తిండి. ఓ రెండు చెంచాల గంజి, ఓ చేప ముక్క, అంతే. చెంచా పెట్టేసి, మూతి తుడుచుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాడు. వెనకాల కంచాలన్నీ గలగలా లేచిపోయేవి. లోకంలో అందరి పొట్టా తన పొట్టంతే అనుకునేవాడు పిచ్చి నాయన. చెప్పే ధైర్యం ఎవరికుంది? రాజుగారిని తప్పుపట్టినట్టవదూ!

ఆ తర్వాత పెద్దవాడయ్యాడు. పక్క దీవిలో సిగ్నీ అనే పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. బూరెల్లాంటి బుగ్గలు. నవ్విందంటే గదిలో అందరూ నవ్వాల్సిందే. ఆ పిల్లంటే ఆయనకి ప్రాణం.

అప్పుడు ఏమైందీ, ఆ పిల్ల రోజురోజుకీ చిక్కిపోయింది. నవ్వూ పోయింది. రాజుకి గుండెల్లో రాయి పడింది. ఈ పిల్ల నాకు దక్కదేమోనని ఒకటే బెంగ.

మొదట వైద్యుల్ని పిలిపించాడు. వాళ్ళు కషాయాలు పట్టించారు. అదీ ఆకలి పుట్టించే కషాయాలు! ఇంకా చిక్కింది. ఆ తర్వాత వాయిద్యాలు పెట్టించి ఆమె చేతా నాట్యాలు చేయించాడు. గెంతీ గెంతీ సోలిపోయింది. ఇక లాభం లేదని దేశంలోకెల్లా పెద్ద విందు చేయించాడు. వెన్న రొట్టెలు, వేయించిన చేపలు, దాల్చినచెక్క వేసిన పాయసం. రాణి కళ్ళు మెరిశాయి. అది చూసిన సంతోషంతోనే రాజుకి కడుపు నిండిపోయి, చెంచా కింద పెట్టేశాడు. ఇంకేముంది, కంచాలు లేచిపోయాయి!

గుమ్మం దాటాక జేబురుమాలు మర్చిపోయానని వెనక్కొచ్చాడు. వచ్చి చూస్తే, రాణీగారు బల్ల కింద దూరి, దాచుకున్న రొట్టె ముక్క గబగబా నోట్లో కుక్కుకుంటోంది. పక్కనే దివానుగారు, ఎముక చీకుతూ!

"సిగ్నీ, ఇదేమిటి?"

రాణికి ఏడుపొచ్చేసింది. "ఆకలండీ! పెళ్ళైన దగ్గర్నించీ ఆకలే. మీరు చెంచా పెట్టేశాక తినకూడదట. మీతో చెబితే రాజద్రోహమట."

"తాతగారి కట్టుబాటు మహాప్రభూ," అని దివాను గొణిగాడు.

రాజు అక్కడే చతికిలబడ్డాడు. "నా పక్కనున్న పిల్ల కడుపు నేనే మాడ్చానా! ఇంతమందిని పస్తు పెట్టి, విందు చేశానని మురిసిపోయానా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కట్టుబాటు తీసేద్దామంటే ఒట్టాయె. ఇచ్చిన మాట తప్పితే ఆయన రాజేమిటి?

కాసేపు బుర్ర గోక్కున్నాడు. అప్పుడు లేచి, ఇంకో భోజనం మొదట్నించీ వడ్డించమన్నాడు. తన కుర్చీలో కూచుని, చెంచా పట్టుకుని చెయ్యి పైకెత్తాడు.

"చెంచా కింద పెడితే కదా మీరు ఆపాలి! నేను పెట్టను. కానివ్వండి," అన్నాడు.

అమ్మో, ఆ తినడం! రాణి మారుకి మారు వేయించుకుంది. దివాను నడుం పట్టీ వదులు చేసుకున్నాడు. చెయ్యి లాగేస్తున్నా రాజు దించలేదు. చివరికి సిగ్నీ బ్రేవుమని త్రేన్చి, పకపకా నవ్వింది. అబ్బ, ఆ నవ్వు విని రాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ఆయన ఏలినన్నాళ్ళూ అంతే. రేవుల్లో జాలర్లతో తిన్నా, కొండల్లో మేకలవాళ్ళతో తిన్నా, ఆఖరి మనిషి చెయ్యి కడిగేదాకా చెంచా చేతిలోనే. ఎవరేం పనిమీద వచ్చినా, "ముందు తిన్నావా?" అనేవాడు.

అలాగే ముసలివాడయ్యాడు. ఒక పండగనాడు పెద్ద భోజనాల బంతి వేశారు. అందరూ తినేశారు. పళ్ళు లేని ముసలమ్మ ఒకావిడ మాత్రం పాయసం చప్పరిస్తూ కూచుంది. రాజు చెయ్యి వణుకుతోంది. చెంచా జారిపోయేలా ఉంది. అది చూసి ముసలమ్మ కంగారుగా మింగబోయింది.

అప్పుడు సిగ్నీ తన చెయ్యి తీసుకెళ్ళి ఆయన చేతికింద ఆనించింది.

"నెమ్మదిగా తినమ్మా, ఇక్కడ ఇద్దరం పట్టుకున్నాం," అంది.

ముసలమ్మ ఇంకో గిన్నెడు వేయించుకుంది!

కడుపులన్నీ నిండాయి, కంచాలన్నీ లేచాయి,
చెంచా కిందకి దిగింది, చేతికి కాస్త హాయైంది,
కథ కంచి దారి పట్టింది,
కునుకు మనింటి తలుపు తట్టింది.