పసుపు చేతుల తలుపు

కమ్మరి తిత్తి చిరిగిపోయింది. పదిహేనేళ్ళు కొలిమికి గాలి ఊదిన తోలు సంచి అది. అతుకు మీద అతుకు వేసి, ఇంక సూది దిగడానికి చోటు లేనంతగా చిరిగింది. గాలి లేకపోతే నిప్పు ఎర్రబడదు, నిప్పు ఎర్రబడకపోతే ఇనుము మాట వినదు.

మృగశిర కార్తె నెల రోజుల్లో ఉంది. తొలివాన పడగానే రైతులందరూ నాగలి కర్రులు భుజాన వేసుకుని పదును పెట్టించుకోవడానికి వస్తారు. ఏడాదికొకసారి వాళ్ళు కొలిచి ఇచ్చే గింజలే ఆ ఇంటికి తిండి. కొలిమి చల్లగా ఉంటే వాళ్ళు పక్కూరి కమ్మరి దగ్గరికి పోతారు. ఒకసారి పోయినవాడు మళ్ళీ రాడు. తప్పు చేసినట్టు అనిపించి ఈ వీధిన నడవడం కూడా మానేస్తాడు.

కమ్మరి పెళ్ళాం తన వెండి కడియాలూ రెండు మేకలూ అమ్మి నలభై రూకలు అతని చేతిలో పెట్టింది. "తలుపుల సంతకి పోయి కొత్తది చెప్పి రా," అంది.

తలుపుల సంత రెండు రోజుల నడక. అక్కడ అంగళ్ళు ఉండవు. ఒక పొడుగాటి సున్నం గోడ, గోడ నిండా మూసిన తలుపులు. ఒక్కో తలుపు మీద అమ్మే వస్తువు బొమ్మ వేసి ఉంటుంది. తలుపు కింద చిన్న కన్నం. బొమ్మ నచ్చినవాడు తన ఊరి పేరు చెప్పి, కన్నంలో డబ్బు వేసి, ఇంటికి పోవాలి. తొమ్మిదో రోజుకి బండి మీద మూట వస్తుంది. అమ్మేవాడి మొహం ఎవరూ చూడరు. బేరమాడే బాధ లేదు, ఎండలో తిరిగే బాధ లేదు, ఎంత సుఖమో అని అందరూ చెప్పుకుంటారు.

మొహం చూడకుండా నమ్మడం ఎలా అంటే, దానికీ ఒక పద్ధతి పెట్టారు. వస్తువు బాగుంటే, కొన్నవాడు మళ్ళీ సంతకి వచ్చినప్పుడు పసుపులో చెయ్యి ముంచి ఆ తలుపు పక్కన గోడకి అద్దుతాడు. పసుపు గంగాళాలు సంతవాళ్ళే పెట్టించారు. సంత మొత్తం మీద ఊరికే దొరికేది అదొక్కటే.

తిత్తి బొమ్మ ఉన్న తలుపులు మూడు కనబడ్డాయి. కమ్మరి చేతులు లెక్కపెట్టాడు. ఒకదానికి తొమ్మిది. ఇంకోదానికి ముప్పై. మూడోదానికి సరిగ్గా నూటపదహారు. ఆ అంకె చూడగానే అతని ప్రాణం లేచొచ్చింది. తన కోసమే అక్కడ ఆగి ఉందనుకున్నాడు. నలభై రూకలూ కన్నంలో వేసి, మూసిన తలుపుకి దణ్ణం పెట్టి మరీ వచ్చాడు.

మూట చెప్పినట్టే తొమ్మిదో రోజున వచ్చింది. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే అది శనివారం.

శనివారం ఇనుము ఇంట్లోకి తీసుకురారు. తిత్తికి ముందు ఇనప గొట్టం ఉంటుంది కాబట్టి మూటని అరుగు మీదే ఉంచారు. ఆదివారం చతుర్దశి. సోమవారం అమావాస్య, ఆ రోజు కమ్మర్లు పనిముట్టు ముట్టుకోరు. మంగళవారం కొత్త వస్తువు వాడకం మొదలుపెట్టరు. ఇన్ని రోజులూ కమ్మరి పెళ్ళాం పొద్దున్నే స్నానం చేసి మూటకి కుంకుమ బొట్టు పెట్టి రెండు పూలు ఉంచింది. కమ్మరి దాన్ని చేత్తో ఎత్తి చూసి, బరువుగా ఉంది, మంచి తోలే పంపాడని మురిసిపోయాడు.

బుధవారం విప్పారు. లోపల వరిగడ్డి ఉంది. గడ్డి మధ్య ఒక రాయి ఉంది.

కమ్మరి గడ్డంతా దులిపి చూశాడు. చివరికి పెళ్ళాం అంది, "నాలుగు రోజులు రాయికి బొట్టు పెట్టానయ్యా."

"నేను పోయి తెస్తా."

"తిత్తి అడక్కు. డబ్బు తీసుకురా. పైఊళ్ళో ముసలి కమ్మరి పని మానేశాడట, ఆయన తిత్తి నలభైకి ఇస్తానన్నాడట. కళ్ళతో చూసి కొనుక్కుందాం."

"తెస్తా."

"వాన పడేలోపు రా," అంది ఆమె. ఆమె కాళ్ళకి కడియాలు ఉండేచోట చర్మం తెల్లగా ఉంది. కమ్మరి అటు చూడకుండా బయల్దేరాడు.

సంత మొదట్లో, దారి మలుపు తిరిగేచోట, ఒక గుమాస్తా గొడుగు కింద కూర్చుని ఉంటాడు. గోడు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళందరూ ఆయన దగ్గరికే పోవాలి.

"మీకు జరిగినదానికి మేం చాలా బాధపడుతున్నాం," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. కమ్మరి ఇంకా నోరు విప్పనేలేదు.

కమ్మరి జరిగిందంతా చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు.

"మూట ఏ రోజు చేరింది?"

"శనివారమండి."

"విప్పింది?"

"బుధవారం."

"మూడు రోజుల్లో విప్పాలి. ఒక్క రోజు దాటింది."

"శనివారం ఇనుము ఇంట్లోకి ఎలా తెస్తామండీ? తరవాత అమావాస్య వచ్చిపడింది."

గుమాస్తా అప్పుడు తలెత్తాడు. అతన్ని జాలిగా చూసి, కాగితం మీద 'సొంత పట్టింపుల వల్ల ఆలస్యం' అని రాశాడు. అలా రాయడానికి అక్కడ ముందే ఒక గడి గీసి ఉంది.

"ఆ తలుపు వెనక ఉన్నదెవరో చెప్పండి, నేనే అడుక్కుంటా," అన్నాడు కమ్మరి.

"గోడ మాది. తలుపులు మావి కావు. వెనక ఎవరున్నారో మేం అడగం."

"ఎందుకడగరు?"

"అడిగితే సంత నడవదు," అన్నాడు గుమాస్తా. ఆ మాట దాచుకోవాల్సిందని ఆయనకి తోచలేదు. "మీరంటే మాకు చాలా గౌరవం. తరవాతి వారు రండి."

కమ్మరి ఆ తలుపు దగ్గరికి పోయాడు. తలుపు అదే, బొమ్మ మారింది. తిత్తి చెరిపేసి కుమ్మరి చక్రం వేశారు. రంగు ఇంకా ఆరలేదు. చేతులు మాత్రం పెరిగాయి. అతను పిడికిలితో తలుపు బాదాడు.

"ఎవరది, అన్నా?" అంది లోపల్నించి ఒక గొంతు. పెళ్ళి పంక్తిలో ఇంకాస్త వేసుకోమని బతిమాలేవాళ్ళ గొంతులా ఉంది.

"నలభై రూకలు ఇచ్చినవాణ్ణి. నాకు రాయి పంపావు."

"అవునన్నా."

అవునంటాడని కమ్మరి అనుకోలేదు. రెండు రోజుల దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ నోట్లోనే ఆగిపోయాయి.

"నా తిత్తేది?"

"తిత్తి ఎప్పుడూ లేదన్నా. బొమ్మే ఉండేది."

"అయితే నా డబ్బు ఇవ్వు."

"ఇస్తా. చెయ్యి వేసినవాళ్ళందరికీ ఇచ్చాను, ఎవర్నైనా అడుగు. ముందు గోడకి చెయ్యి వెయ్యి."

"నువ్వు ముంచినవాణ్ణి నేను. బాగుందని చెయ్యి ఎలా వేస్తా?"

"వెయ్యకపోతే మానెయ్. నాకేం తొందర లేదు. తొందర ఉంటే నీకే ఉండాలి."

కమ్మరి ఎండలో నిలబడ్డాడు. పడమటి వైపు ఒక మబ్బు తునక కనబడింది. మామూలుగా అయితే మబ్బు చూసి సంతోషించే మనిషి, ఇప్పుడు దాన్ని చూసి భయపడ్డాడు. సమ్మెటతో ఎర్రటి ఇనుము వంచే చేతులు తనవి, వాటితో ఈ చెక్క తలుపుని ఏమీ చెయ్యలేకపోతున్నాడు. ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా తుడుచుకున్నాడు.

అప్పుడతనికి ఒక ఆలోచన వచ్చింది. మంచి మాట చెప్పేది కుడిచెయ్యి. శుభానికి కుడిచెయ్యి, ఒట్టుకి కుడిచెయ్యి. ఎడమచెయ్యి వేస్తే చెయ్యి వేసినట్టూ ఉంటుంది, వెయ్యనట్టూ ఉంటుంది. ఈ తెలివి తనకొక్కడికే వచ్చిందని కొంచెం గర్వపడ్డాడు కూడా. ఎడమచెయ్యి గంగాళంలో ముంచి, ఖాళీగా ఉన్న చోట గోడకి అద్దాడు.

చెయ్యి తీసి చూశాడు. ఎడమచెయ్యి గోడకి ఆనిస్తే బొటనవేలు కుడివైపుకి పడుతుంది. పక్కనున్న చేతికీ బొటనవేలు కుడివైపే ఉంది. దాని పక్కదానికీ అంతే. కమ్మరి వంగి కింది వరసలు చూశాడు, మునివేళ్ళ మీద లేచి పై వరసలు చూశాడు. తాను మొదటిసారి లెక్కపెట్టిన నూటపదహారు వెతికి వెతికి చూశాడు. ఒక్క కుడిచెయ్యి లేదు.

అందరూ నిజమే చెప్పి పోయారు. తాను ఆ రోజు అంకె ఒక్కటే చూసుకున్నాడు.

"ఎడమచెయ్యేగా వేశావు?" అంది లోపలి గొంతు. "పర్లేదన్నా. లెక్కకి ఏదైనా ఒకటే."

"నా డబ్బు."

"వస్తుంది. అక్కడే గోడ నీడన కూర్చో."

"ఎక్కణ్ణించి వస్తుంది?"

"నీది ఎక్కణ్ణించి వచ్చిందో అక్కణ్ణించే."

కమ్మరికి అర్థం కాలేదని అనడానికి లేదు. అర్థమయ్యాకే కూర్చున్నాడు.

మధ్యాహ్నం తిరిగాక ఒక కుమ్మరామె వచ్చింది. మోచేతుల దాకా ఎండిన మట్టి, పాదాల నిండా దుమ్ము. చక్రం బొమ్మ ఉన్న తలుపులన్నీ తిరిగి చూసి ఈ తలుపు ముందు ఆగింది. పెదాలు కదుపుతూ చేతులు లెక్కపెట్టింది. ఆమె మొహంలోకి వెలుగు రావడం కమ్మరి చూశాడు. ఆ వెలుగు ఎలా ఉంటుందో అతనికి లోపల్నించి తెలుసు.

"అన్నా, నీ చేతికి పసుపు ఇంకా ఆరలేదు," అంది. "ఇక్కడే కొన్నావా?"

"కొన్నాను."

"మా చక్రం రెండు చెక్కలైంది. వానలొస్తే కుండ ఆరదు. ఈ నాలుగెండలే మాకు ఏడాది కూడు. ఇంట్లో పిల్లలు ముగ్గురు." గోడ వైపు చూసి మళ్ళీ అతని వైపు తిరిగింది. "ఈ తలుపు మంచిదేనా అన్నా?"

లోపల్నించి చప్పుడు లేదు. కానీ లోపలివాడు వింటున్నాడని కమ్మరికి తెలుసు. పడమట మబ్బు తునక ఇందాకటికన్నా పెద్దదైంది. కర్రులు భుజాన వేసుకుని పక్కూరి దారి పడుతున్న రైతులు అతని కళ్ళలో మెదిలారు.

"ఇన్ని చేతులున్నాయి కదమ్మా," అన్నాడు.

అది అబద్ధం కాదు. అబద్ధం కాని మాట దొరికినందుకు అతనికి ఊరటగా ఉంది. ఊరటగా ఉన్నందుకు సిగ్గేసింది కూడా, కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆమె నడుముకి కట్టుకున్న గుడ్డమూట ఊడదీసింది. చెమటకి ముడి బిగుసుకుపోయి రాలేదు. గుడ్డతో సహా కన్నంలో వేసి, తన ఊరి పేరు రెండుసార్లు చెప్పింది, తప్పు పోకూడదని. తరవాత కమ్మరి వైపు చూసి, "చల్లగా ఉండన్నా, ధైర్యం చెప్పావు," అని నడక సాగించింది.

ఆమె పది అడుగులు వేసిందో లేదో, కన్నంలోంచి గుడ్డమూట బయటికి వచ్చి కమ్మరి ఒళ్ళో పడింది.

"నలభై ఉన్నాయి. పైవి నావి," అంది గొంతు. "మాట తప్పానా?"

కమ్మరి మూట పట్టుకుని లేచాడు. గుడ్డకి ఆమె ఒంటి వేడి ఇంకా ఉంది. ఆమె మెల్లగా పోతోంది. ఖాళీ చేతులు ఊపుకుంటూ, వచ్చిన దారంతా మళ్ళీ నడవాల్సిన మనిషిలా కాకుండా, పని అయిపోయిన మనిషిలా పోతోంది. పిలిస్తే వినపడే దూరమే.

అతను నోరు తెరిచాడు. గుమాస్తా గొడుగు దాకా ఇంకా ఇరవై అడుగులున్నాయి ఆమెకి. తరవాత పదిహేను. మూట గుండెకి ఆనించుకుని అతను ఆ అడుగులు చూస్తూ నిలబడ్డాడు. ఒకచోట ఆమె ఆగి, కాల్లో గుచ్చుకున్న ముల్లు తీసుకుంది. ముల్లు చేతికి రావడానికి చాలాసేపు పట్టింది. మళ్ళీ నడిచింది. గొడుగు దగ్గర మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

అప్పుడు పిలిచాడు, "అమ్మా," అని. గోడ పొడుగునా చేతులు లెక్కపెట్టుకుంటున్నవాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా పిలిచాడు.