ఎర్రతోక ఐరావతం

సూరీడమ్మకు దిగుడంటే భయం.

ఎక్కడమంటే కాదు. ఎంత నిట్టనిలువు కొండయినా ఎక్కేస్తుంది. దిగేటప్పుడే, రోడ్డు ముందుకు వంగి లోయలోకి తొంగి చూస్తున్నట్టు కనబడగానే, అరికాళ్ళలో చెమట పడుతుంది. ఈ మాట ఆమె ఎవరి ముందూ పైకి అనలేదు. పెద్దమ్మతో అనలేదు, దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుడితో కూడా అనలేదు. ఈ కథ ఇక్కణ్ణించే మొదలెట్టాలి గనక నేను చెప్పేశాను. మీరు మాత్రం ఆమె దగ్గర అనకండి.

ఇక అనగనగా.

అనగనగా అంటే రాజులు రథాలెక్కి తిరిగిన కాలం కాదు, రథాలు పోయి లారీలు వచ్చిన కాలం. ఒక కొండ కింద ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో ఇళ్ళకన్నా లారీలు ఎక్కువ, లారీలకన్నా డ్రైవర్లు చెప్పుకునే గొప్పలు ఎక్కువ. నడక రాని పసివాడు కూడా అరుగు మీద కూచుని, చేతులు గుండ్రంగా తిప్పుతూ "బుర్ర్" అనేవాడు. అలాంటి ఊళ్ళో ఘాటు రోడ్డంటే భయమని చెప్పడం, చేపల రేవులో నిలబడి నీళ్ళంటే భయమని చెప్పడం లాంటిది.

ఆ ఊరి చివర అప్పలనరసమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. ఆవిడే సూరీడమ్మకు పెద్దమ్మ. కొండ మీద రోడ్డు పనివాళ్ళ శిబిరం ఒకటుండేది. రోజూ మధ్యాహ్నానికి అన్నం, పప్పు, కూర కారియర్లలో సర్ది వాళ్ళకు చేరవెయ్యాలి. అందుకు ఒక పాత తెల్ల కారు ఉండేది. ముక్కు దగ్గర సొట్ట, గొంతులో కీచు. తెల్లగా, బరువుగా, తాపీగా కదులుతుంది గనక పెద్దమ్మ దానికి ఐరావతమని పేరు పెట్టింది.

మునుపు ఐరావతాన్ని పెద్దమ్మ తమ్ముడు సింహాద్రి నడిపేవాడు. అతను లారీ ఎక్కి దూరపు లైన్లకు వెళ్ళిపోయాక సూరీడమ్మ స్టీరింగు పట్టింది. ఎవరూ నేర్పలేదు. పక్క సీట్లో కూచుని మావ చేతులు చూసి చూసి తానే నేర్చేసుకుంది.

"ఒక్క పూట కుదురుగా కూచోవే గుంటా, దిగడం ఎలాగో చెప్తాను," అన్నాడు సింహాద్రి వెళ్ళే ముందు.

"నాకొచ్చు మావా! నీ లారీ హారను కొడతంది, ఎళ్ళు ఎళ్ళు," అంది సూరీడమ్మ.

కుదురుగా కూచోవడమే ఆమెకు చేతకాని పని. అన్నం తింటూ లేచేది. లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో మరిచి, మళ్ళీ వచ్చేది. ఇంట్లో ఉంటే నాలుగు గోడలూ ఒక్కో అడుగే తన మీదికి నడిచొస్తున్నట్టుండేది. కొండ ఎక్కుతుంటే కిటికీలోంచి గాలి మొహాన కొట్టాలి. అప్పుడే ఊపిరాడేది.

అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఐరావతానికి దాహం పట్టుకుంది.

మావ చేతిలో ఉన్నప్పుడు ట్యాంకు నింపితే సంత నుంచి సంత దాకా వచ్చేది. ఇప్పుడు వారం సగం కాకుండానే పెట్రోలు ముల్లు కింద పడుకుంటోంది.

"ఇది బండా, ఇసక దిబ్బా?" అంది పెద్దమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని. "పోసిందంతా ఇంకిపోతంది! వచ్చే సంతకి తుక్కు షావుకారు వస్తాడు. ఆలోగా దీని దాహం తీరితే సరి. నేదంటే తూకానికి ఇచ్చేస్తాను. పైకి అన్నం బస్సులో పంపుతాను. నువ్వు నా పక్కన కూచుని ఎల్లుల్లిపాయలు ఒలుద్దువు గాని."

సూరీడమ్మ చెవులు మూసుకుంది. కూచుని! ఎల్లుల్లిపాయలు!

ఆ మధ్యాహ్నమే ఆమె కారు కిందికి దూరింది. ట్యాంకు వాసన చూసింది, గొట్టం వెంట వేలు రాసి చూసింది. ఎక్కడా తడి లేదు. 'కారడం లేదంటే ఎవడో తోడుకుపోతున్నాడు' అనుకుంది. ట్యాంకు మూతకు తాళం బిగించి, తాళంచెవి మెళ్ళో కట్టుకుంది. వీధిలో ఎవరి చేతిలో గొట్టం కనబడినా గుర్రుగా చూసింది. పక్కింటి ముసలాయన పాపం మొక్కలకు నీళ్ళు పెట్టుకోవడం కూడా మానేశాడు.

మర్నాడు తాళం తాళంగానే ఉంది. ముల్లు మాత్రం దిగిపోయింది.

ఆ ఘాటుకి ఒక ఆనవాయితీ ఉంది. ఎక్కే ప్రతి బండీ మొదటి మలుపులో ఘాటు తల్లి రాయి దగ్గర ఒక కొబ్బరి ముక్క పెట్టి వెళ్ళాలి. ఆ ముక్కలు తిని బతికే ముసలి కోతి ఒకటి అక్కడి గోడ మీద కూచునేది. ఆ కాలంలో కోతులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయి, ఆగి వినే బండే లేదు.

సూరీడమ్మ కొబ్బరి ముక్క విసిరి బండి కదిలించగానే కోతి అరిచింది.

"ఓ పిల్లా! నీ బండి తోక ఎర్రగుందేటి?"

"ముందు నీ తోక కింద చూసుకోయ్!"

"నాది పుట్టుకతో వచ్చిన ఎరుపు. నీ బండికి ఎక్కణ్ణించి వచ్చింది?" అంది కోతి. అప్పటికే ఐరావతం మలుపు తిరిగిపోయింది.

రెండో ప్రయత్నంగా మెకానిక్కు కామేశు దగ్గరికి తీసుకెళ్ళింది. కామేశు బానెట్టు ఎత్తాడు. గాలి వడపోసే డబ్బా విప్పి దులిపితే గంపెడు మట్టి రాలింది.

"కొండంతా ఇందులోనే దాచేశావేటే?" అన్నాడు. ప్లగ్గులు తీస్తే కాటుకలా ఉన్నాయి, తుడిచాడు. టైర్లు మెత్తబడి ఉన్నాయి, గాలి కొట్టాడు. తర్వాత తానే ఎక్కి రైలు గేటు దాకా వెళ్ళొచ్చాడు.

"హంసలాగ నడుస్తంది. దీనికి ఏ రోగమూ నేదు. మీ పెద్దమ్మకే అనుమానం రోగం."

మర్నాడు దాహం కొంచెం తగ్గింది. కొంచెమే. ముల్లు ఇదివరకు పరిగెత్తి దిగేది, ఇప్పుడు నడిచి దిగింది. సూరీడమ్మ మళ్ళీ వెళ్ళి కామేశు నెత్తిన కూచుంది.

"నా చేతిలో తాగనిది నీ చేతిలో తాగితే నేనేటి చేసేది?" అన్నాడు కామేశు. "మొహం చూసి తాగుతాదేమో మరి!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. సూరీడమ్మ కూడా నవ్వేసి వచ్చేసింది గాని, ఆ మాట చెప్పులో దూరిన గులకరాయిలా దారంతా గుచ్చింది. 'నా చేతిలోనే ఎందుకు తాగుతుంది?' అని ఒక్క క్షణం అనుకుంది. వెంటనే రేడియో పెద్దది చేసింది.

మొదటి మలుపులో కోతి సిద్ధంగా ఉంది.

"తోక ఇంకా ఎర్రగానే ఉందమ్మా!"

"ప్రతి బండికీ వెనక ఎర్ర దీపం ఉంటాది, తెలివి తక్కువదానా!"

"ఉంటాది. ఎప్పుడూ వెలగదు," అంది కోతి. సూరీడమ్మ వినలేదు. పాట వింటోంది.

సంత రేపనగా పెద్దమ్మ డిక్కీ తెరిపించింది. "బరువైనా తగ్గించు," అంది. పాత చాప, విరిగిన స్టూలు, ఖాళీ నూనె డబ్బాలు అన్నీ దించేశారు. అడుగున మూడు బండరాళ్ళు మిగిలాయి. ఒక్కోటీ రుబ్బురోలి పొత్రమంత ఉంది.

"ఇవెందుకే?"

"బండి వెనక్కి జారితే చక్రానికి అడ్డు పెట్టడానికి."

"మీ మావ ఒక్క చెక్కముక్క పెట్టుకునేవాడు కదే!"

"నా పద్ధతి నాది పెద్దమ్మా," అని సూరీడమ్మ డిక్కీ ధడాలున వేసేసింది.

ఆ రోజు మలుపులో ఆగేసరికి కోతి ఏకంగా డిక్కీ మీదికి దూకింది. మూత సరిగా పడలేదేమో, పైకి లేచింది. కోతి లోపలికి తొంగి చూసి కడుపు పట్టుకుని నవ్వింది.

"కొండ మీద రాళ్ళు నేవనా, కింద నించి మోసుకొస్తన్నావు?"

సూరీడమ్మకు కోపం వచ్చింది. ఆ కోపంలో నవ్వూ వచ్చింది. చుట్టూ చూస్తే నిజంగానే రాళ్ళు తప్ప ఏమీ లేవు. మూడింటినీ దించి గోడ వారగా దొర్లించింది. దొర్లించాక మొదటిసారి కోతి ఎదురుగా నిలబడింది.

"సరే, చెప్పు. ఏటి నీ ఎర్రతోక గోల?"

"నాకు చదువు నేదు, ఆ దీపం దేనికో తెల్దు," అంది కోతి. "కూచుని చూడ్డం ఒక్కటే తెలుసు. బస్సు ఎక్కుతాది, తోక చీకటి. దిగుతాది, మలుపు దగ్గర మిణుగురులా వెలుగుతాది, ఆరిపోతాది. లారీ అంతే. నీదొక్కటే, ఎక్కినా ఎరుపే, దిగినా ఎరుపే. నీ కొబ్బరి తిన్నాను గనక చెప్పాను. ఇంక నీ ఇష్టం."

సూరీడమ్మ ఒక కారియరు మూత తీసింది. కారు వెనక, నీడ పడిన గోడ మీద నిలబెట్టింది. రోజూ ఎలా కూచుంటుందో అలాగే వచ్చి సీట్లో కూచుంది. బండి స్టార్టు చేసి అద్దంలోకి చూసింది.

స్టీలు మూత ఎర్రగా మండుతోంది.

"నేనేం నొక్కలేదు!" అంది.

"అదిగో తోక!" అంది కోతి.

సూరీడమ్మ కిందికి చూసుకుంది. ఆమె ఎడమ కాలు క్లచ్చి వదిలేసి బ్రేకు మీద కూచుని ఉంది, గూట్లో పావురంలా, ఎంతో అలవాటుగా. ఆమె రమ్మనలేదు, అదే వచ్చింది. కాలు ఎత్తింది. మూత మీద ఎరుపు ఆరిపోయింది. ఆదమరిచింది. కాలు మళ్ళీ వచ్చి కూచుంది, మూత మళ్ళీ మండింది.

అప్పుడు అంతా అర్థమైంది. పక్క సీట్లోంచి ఆమెకు మావ చేతులు కనబడేవి. కాళ్ళు కనబడేవి కావు. ఏ కాలికి ఏ పని చెప్పాలో తానే ఊహించుకుంది. ఊరికే ఉండలేని ఎడమ కాలు, ఎందుకైనా మంచిదని, పొద్దస్తమానం బ్రేకును పట్టుకుంది. ఇంజను ముందుకు లాగుతోంది, కాలు వెనక్కి లాగుతోంది. ఆ రెండింటి తగవులో పెట్రోలు తగలబడుతోంది. కామేశు కాళ్ళు వేరు గనక కామేశు చేతిలో ఐరావతం హంస అయింది. దారిలో రోజూ వచ్చే మాడు వాసన కూడా పెద్దమ్మ పప్పుది కాదు, చక్రాలది.

గేరు మార్చేటప్పుడు తప్ప ఎడమ కాలిని సీటు వైపు ముడుచుకుని ఆమె మిగతా కొండ ఎక్కింది. కట్టు విప్పిన దూడలా ఐరావతం ఉరికింది. ముల్లు కదిలీ కదలనట్టుంది. సూరీడమ్మ గట్టిగా ఈల వేసింది. దొరికింది! ఇంక తుక్కు షావుకారు ఖాళీ తక్కెడతో పోవలసిందే!

శిబిరంలో అన్నాలయ్యాయి. ఖాళీ కారియర్లు ఎక్కించారు. ఆమె బండి తిప్పింది. ముందు రోడ్డు వంగింది. లోయ కనబడింది.

ఎడమ కాలు ఒక్క గెంతులో వచ్చి బ్రేకు మీద పడింది.

తీసింది. వచ్చింది. మళ్ళీ తీసింది, పళ్ళు బిగపట్టి వెనక్కి ముడుచుకుంది. బండి కాస్త వేగం అందుకోగానే అరికాలు చెమర్చింది, కాలు ఆమె మాట వినలేదు. ఈసారి రెండు కాళ్ళూ కలిసి నొక్కాయి. మాడు వాసన గుప్పుమంది. బ్రేకు పెడలు ఎప్పుడూ లేనంత మెత్తగా, ఉడికిన దుంపలా, లోపలికి దిగింది. శిబిరం దాటీ దాటని చదును మీద, కొండ వైపుకి ఆనించి ఎలాగో ఆపేసింది.

పనివాళ్ళలో పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏటమ్మా, ఏటయింది?"

"బండి వేడెక్కింది తాతా. సల్లారనీ, ఎళ్తాను," అంది సూరీడమ్మ.

పెద్దాయన వెళ్ళిపోయాడు. ఆమె స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసింది. అద్దం సర్దింది. తలుపు తెరిచింది, మూసింది. బండి చల్లారుతుంది. తర్వాత? ఎప్పటిలాగే బ్రేకు పట్టుకుని దిగొచ్చు. ఒక్క కోతికి తప్ప ఎవరికీ తెలియదు. కాని ఈ వేడికి ఏదో ఒక రోజు ఆ పెడలు నేల దాకా దిగిపోతుంది. పడతానన్న భయంతో దేన్ని పట్టుకుందో అదే పడేస్తుంది. ఆ రోజు రాకపోయినా రేపు సంత వస్తుంది, ఐరావతం తక్కెడ ఎక్కుతుంది.

తాళం వేసింది, ప్లగ్గులు తీయించింది, రాళ్ళు దించింది. ఒక్క నోరు మాత్రం విప్పలేదు.

తాతతో అన్న మాట గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. బండి మీద వేసిన ఆఖరి నింద అది. కిటికీ అద్దాలు పైకెత్తుకుంది. ఎవరూ వినకుండా, మెల్లిగా, అని చూసుకుంది.

"నాకు దిగుడంటే భయం."

కొండేమీ విరిగిపడలేదు. గొంతు మాత్రం వణికింది. ఇంకోసారి అంది. ఈసారి వణుకు కాస్త తగ్గింది. ఈ మాటే మనిషితో అనాలి. మావ నవ్వుతాడు. 'నాకొచ్చు మావా' అన్నది నువ్వేనా అంటాడు. లారీల వాళ్ళందరికీ చెప్పినా చెప్తాడు. అయినా దిగేటప్పుడు కాళ్ళు ఎక్కడ ఉండాలో, బండి దానంతట అది ఎలా నిదానిస్తుందో చెప్పగలిగినవాడు అతనొక్కడే. సంత సరుకుతో ఈ సాయంత్రం ఎలాగూ ఊరికొస్తాడు, వచ్చి పక్కన కూచునే దాకా ఈ చదును మీదే ఉంటానని చెప్పాలి. కుదురుగా.

'నవ్వితే నవ్వనీ' అనుకుంది సూరీడమ్మ, ఇంక ఆలోచన మార్చుకోకుండా ఫోను చేతిలోకి తీసుకుని సింహాద్రి మావ నంబరు వెతికింది.

పిల్లలూ, ఏ పాత బండీ తాగనంత ఇంధనం మనసులో దాచుకున్న భయం తాగుతుంది. దాన్ని తగిన మనిషి ముందు పైకి చెప్పుకోవడమే మరమ్మతులన్నిటికీ మొదటి మరమ్మతు.