దిండు చెప్పిన జబ్బు

మల్లెవరం రాజుగారికి కూర్చుంటే నొప్పి. ఎక్కడో చెప్పడం నామోషీ, ఒంటిమీద చెయ్యి వేయనివ్వరు. ఆస్థాన వైద్యుడు భావనాచార్యులు కడుపులో వేడి అని తేల్చి, ఏడాదిగా కషాయం తాగిస్తున్నాడు.

పరుపులు కుట్టే సైదులు సింహాసనానికి మెత్తటి దిండు కుట్టి తెచ్చాడు. సభ ముగిసి రాజుగారు లేవగానే దాన్ని పరీక్షగా చూశాడు.

"ప్రభూ, నొప్పి మీ కుడి తుంటిలో ఉంది."

"నిజమే! ముట్టుకోకుండా ఎలా తెలిసింది?"

"దూది ఎడమవైపే అణిగింది. బరువంతా అటు మోపి, కుడివైపు కాచుకుంటున్నారు."

ఆచార్యులు మండిపడ్డాడు. "దూదేకేవాడికి వైద్యమా?" అని ఆ దిండును దులిపించి, దూది సమం చేయించి, పీట మీద వేయించుకుని కూర్చున్నాడు. కాసేపటికి లేచి, "ఇప్పుడు నా జబ్బేమిటో చెప్పరా!" అన్నాడు.

దిండు ముందంచు మాత్రమే నలిగి ఉంది.

"జబ్బేమీ లేదండి," అన్నాడు సైదులు. "తమరు పారిపోవడానికి సిద్ధంగా కూర్చున్నారు."

రాజుగారు తుంటి నొప్పి మరిచిపోయి పగలబడి నవ్వారు.