జూడిత్ సామాను

కుళ్ళాయప్పకు ఇంగ్లీషు మీద విసుగు పుట్టింది. కోపమైతే నాలుగు రోజుల్లో దిగిపోయేది. ఇది విసుగు, పొద్దున లేస్తూనే ఒంట్లో ఉండేది.

పెన్న ఒడ్డున, గుట్ట వారగా ఓబులయ్య స్వామి ఆశ్రమం ఉంది. ఆశ్రమం అనగానే ఏదో గొప్పగా ఊహించుకోవద్దు. ఆరు గదులు, ఒక వంటిల్లు, వానలు పడితే తోట, పడకపోతే బీడు. దూరదేశాల మనుషులు అప్పుడప్పుడు వచ్చి కొన్నాళ్లుండి పోయేవాళ్లు. ఎవరు చెప్పగా వచ్చేవాళ్లో స్వామికే తెలియదు. వాళ్లతో మాట్లాడే మనిషి ఒకడుండాలి గదా అని, పదో తరగతి దాకా చదివిన కుళ్ళాయప్పకు ఆ పని అప్పజెప్పాడు స్వామి. అప్పుడతనికి ముప్పై ఏళ్లు. ఇప్పుడు నలభై దాటాయి.

చెప్పిన పనికి ప్రాణం పెట్టే మనిషి కుళ్ళాయప్ప. ఎవరో వదిలిపోయిన లావుపాటి డిక్షనరీని పట్టుకుని, అందులో బరువైన మాటలన్నీ ఏరి బట్టీ పట్టాడు. ఫార్టిట్యూడ్, సాలెస్, మాగ్నిట్యూడ్, బెరీవ్‌మెంట్. బావి దగ్గర బట్టలుతుకుతూ ఇవే వల్లించేవాడు. చిన్న మాటలంటే అతనికి చిన్నచూపు. అవి ఎవరికైనా వస్తాయి గదా. చుట్టుపక్కల మండలాల్లో తనన్ని మాటలు వచ్చినవాడు లేడని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది. ఉండకేం చేస్తుంది, అంత చాకిరీ చేశాక.

తీరా నోరు విప్పితే, వచ్చినవాళ్లు కనుబొమలు ముడిచి వినేవాళ్లు. తల ఊపి, ఒక నవ్వు నవ్వి, మెల్లగా జారుకునేవాళ్లు. తర్వాత దారిలో ఎదురైతే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేవాళ్లు.

ఒకసారి హిందూపురం నుంచి వచ్చిన రిటైర్డు ఇంగ్లీషు లెక్చరరు అతని మాట విని విషయం విప్పి చెప్పాడు. "నీ మాటల్లో తప్పు లేదయ్యా. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో అది నీకు పట్టుబడలేదు. మనం ఎండ కాసిందంటాం, వాన కురిసిందంటాం. ఎవరైనా వచ్చి ఎండ కురిసిందంటే అర్థమైతే అవుతుంది గానీ, మనం వాడి మొహం చూస్తాం. వాళ్లూ నీ మొహం అట్లాగే చూస్తున్నారు."

ఆ పెద్దమనిషి ఊరికే చెప్పి పోకుండా, ఏ నామవాచకం ఏ మాటతో జతకడుతుందో జంటలు జంటలుగా అచ్చేసిన పుస్తకం కూడా పంపించాడు. కుళ్ళాయప్ప దాన్నీ బట్టీ పట్టాడు. కళ్లజోడు వచ్చింది, తల నెరిసింది. పుస్తకంలో ఒద్దికగా ఉన్న జంటలు నోట్లోకి వచ్చేసరికి మాత్రం తిరునాళ్లలో చెయ్యి విడిచిన పిల్లల మాదిరి చెల్లాచెదరయ్యేవి. పాపం, ఏం చేస్తాడు.

అయినా ఇదంతా ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది ఇంకొకటి జరిగింది.

పోయిన నెల ఆశ్రమంలో జూడిత్ చనిపోయింది. ఇంగ్లండు మనిషి, యాభై లోపే. రెండేళ్లుగా బావి పక్క గదిలో ఉండేది. ఏనాడో తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టింది. ఆస్పత్రికి రానని భీష్మించుకుంది. చివరి సాయంత్రం మంచం పక్కన కుళ్ళాయప్ప కూర్చుని ఉన్నాడు. ఆమె కళ్లు తెరిచి, "ఏదన్నా మాట్లాడు" అంది తన భాషలో. అంత చిన్న కోరిక. కుళ్ళాయప్ప లోపల ఉన్నదంతా తడుముకుని, ఉన్నవాటిలోకెల్లా మంచి మాటలు ఏరి, గొంతు సవరించుకుని ఒక వాక్యం చెప్పాడు. "యువర్ ఫార్టిట్యూడ్ ఈజ్ ఆఫ్ గ్రేట్ మాగ్నిట్యూడ్." నీ నిబ్బరం చాలా గొప్ప పరిమాణం గలది అని. ఆమె ఒక్క క్షణం అతని వైపు చూసింది. చిన్నగా నవ్వింది. గోడ వైపు తిరిగింది. తెల్లవారేసరికి లేదు.

ఒక మనిషి ఆఖరుకు మాట అడిగితే తాను పెట్టింది అది. ఆ సంగతి కుళ్ళాయప్ప ఎవరికీ చెప్పుకోలేదు. అన్నం ముందు కూర్చున్నా ఆ వాక్యమే చెవుల్లో మోగేది.

జూడిత్ తల్లికి అప్పుడు మోకాలి ఆపరేషను అయి ఉంది. రాలేనని, అక్కడే దహనం చేయించమని ఫోనులో చెప్పింది. ఇప్పుడు నడక వచ్చింది. బయలుదేరింది. మధ్యాహ్నానికి కారు గుట్ట కిందికి వస్తుంది.

ఆ పొద్దున స్వామి అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నాడు. కుళ్ళాయప్ప వచ్చి కింద చతికిలబడ్డాడు.

"స్వామీ, నాకు ఇంగ సాలు. ఈ ఇంగ్లీషు నా వల్ల కాదు. వంటింట్లో పడేయండి, తోటలో పడేయండి. యాడన్నా సరే."

"అలిసినావా?"

"శానా."

"నేనూ అలిసినాలే." స్వామి ఇంకో కాయ చిదిమాడు. "ఈ పొద్దు జూడిత్ వాళ్లమ్మ వస్తాంది గదా?"

"అందుకే అడుగుతాండా స్వామీ. ఆ యమ్మ ముందర నేను నిలబడలేను."

"ఏమి మాట్లాడాలని అనుకున్నావు?"

అనుకోకుండా ఉంటాడా. వారం రోజులుగా అదే పని. కుళ్ళాయప్ప లేచి నిలబడి, కూడబెట్టుకున్న ఇంగ్లీషు సంతాపం మొత్తం అప్పజెప్పాడు. బెరీవ్‌మెంట్ వచ్చింది, సాలెస్ వచ్చింది, అంటే ఆప్తవియోగమూ ఊరటా వచ్చాయి, పుస్తకంలోని జంటలు కూడా ఈసారి చెయ్యి విడవకుండా వచ్చాయి. స్వామికి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా చెయ్యి ఆపి, కడదాకా విన్నాడు.

"బాగుండాది," అన్నాడు. "దీంట్లో జూడిత్ పేరు యాడొచ్చింది?"

కుళ్ళాయప్ప మళ్లీ మొదటి నుంచి మనసులో చదువుకున్నాడు. "రాలేదు స్వామీ."

స్వామి ఒళ్లోని పొట్టు దులుపుకున్నాడు. రొండిన దోపుకున్న తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. అది బావి పక్క గదిది.

"సామాను తీసేది ఈ పొద్దే. తీసుకొనేటోడివి నువ్వు."

ఆ ఆశ్రమంలో ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయినవాళ్ల వస్తువుల్ని మూటగట్టి బయట పెట్టరు, ఎవరికీ పంచరు. అయినవాళ్లు ఒకరు వచ్చి, ఒక్కొక్క వస్తువునే చేతికి తీసి, దాన్ని గురించి ఏదో ఒక మాట చెప్పి అందించాలి. తీసుకునేవాడు రెండు చేతులూ చాచి తీసుకోవాలి. వాళ్లు అడిగితే తప్ప పెదవి కదపకూడదు. స్వామి గురువుగారి నాటి నుంచి అదే నడుస్తోంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

"నాకు మాట్లాడే పని తప్పించమంటే..." అని గొణిగాడు కుళ్ళాయప్ప.

"తప్పిస్తి గదప్పా," అన్నాడు స్వామి.

మధ్యాహ్నం జూడిత్ తల్లి డోరతీ గారు కారు దిగింది. డెబ్బై అయిదు దాటిన మనిషి. చేతికర్ర, నలిగిన గౌను, నిద్ర లేక ఉబ్బిన కళ్లు. స్వామికి చేతులు జోడించింది. వంటామె ఇచ్చిన మజ్జిగ సగం తాగి, సగం అక్కడే మరిచిపోయింది. కుళ్ళాయప్ప నాలుక చివర తయారుగా ఉన్న సంతాపమంతా ఆ మొహం చూడగానే వెనక్కి పోయింది. "దిస్ వే," అన్నాడు. దారి ఇటు అని. ఆమె అతని వెనకే వచ్చింది.

గది తలుపు తీస్తే మూసిన వాసన వచ్చింది. ఆమె వెంటనే లోపలికి రాలేదు. గడప మీద నిలబడి మంచాన్ని చూసింది. తర్వాత వచ్చి దాని అంచున కూర్చుంది. ఆనవాయితీ సంగతి కుళ్ళాయప్ప తనకు వచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె తల ఊపింది. పనిలో పడితే కొంచెం నయమన్నట్టు ఊపింది.

మొదట చేతికి వచ్చింది రేకు డబ్బా. మూత తీస్తే అడుగున రెండు నువ్వుల ఉండలు, గట్టిపడిపోయినవి. ఆమె వాటినే చూస్తూ, "షీ ఆల్వేస్ హాడ్ ఎ స్వీట్ టూత్," అంది.

తీపి పన్ను. రెండూ కుళ్ళాయప్పకు చిన్నప్పటి నుంచి తెలిసిన మాటలే. రెండూ పక్కపక్కన కూర్చోగా ఎప్పుడూ చూడలేదు. అర్థం వెతుక్కోవలసిన పనే పడలేదు. వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని, ఇంకొంచెం బెల్లం అని వేలు చూపించే జూడిత్ కళ్ల ముందర నిలబడింది. అలవాటు కొద్దీ ఆ జంటను రెండుసార్లు లోపల వల్లించుకున్నాడు, పోకుండా ఉండాలని. వల్లిస్తుంటే సిగ్గేసింది.

రెండు చేతులూ చాచి డబ్బా తీసుకున్నాడు.

దిండు కింద దూది ఉండలు దొరికాయి, చెవుల్లో పెట్టుకునేవి. "లైట్ స్లీపర్," అంది తల్లి. "పసిబిడ్డగా ఉన్నప్పుడు కూడా అంతే. మెట్ల మీద నేను అడుగు వేస్తే చాలు, లేచేది."

ఇక్కడా అంతే. తెల్లారుజామున తాను బావిలో బొక్కెన వేస్తే జూడిత్ కిటికీ తెరుచుకునేది. ఆమెకు పొద్దున్నే లేవడం ఇష్టమనుకున్నాడు ఇన్నాళ్లూ. పాపం, నిద్ర చెడగొట్టింది తాను. ఒక్కనాడైనా ఒక మాట అనలేదు ఆ మనిషి.

తర్వాత చెప్పులు. తోలు తెగిన చోటల్లా బైండింగు తీగెతో కుట్టినవి. కొత్తవి కొనుక్కోమని ఆశ్రమంలో అందరూ చెప్పారు. వినలేదు. వాటితోనే ఇసకలో పెన్న దాటి పోయేది, వచ్చేది. డోరతీ గారు ఆ తీగెను వేలితో తడిమింది. "షీ హాడ్ ఎ స్టబర్న్ స్ట్రీక్," అంది. "వాళ్ల నాన్న నుంచి వచ్చింది ఆ మొండితనపు చార. ఆస్పత్రికి పొమ్మని ఫోనులో ఎంత ఏడ్చానో. వినదు గదా. వినలేదు." చెప్పులు అందించబోయి, మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు అట్లాగే కూర్చుంది.

కుళ్ళాయప్ప చాచిన చేతులు చాచినట్టే ఉంచాడు. భుజాలు లాగుతున్నాయి. వల్లించుకోవడం ఎప్పుడు మానేశాడో అతనికే తెలియదు.

దువ్వెన వచ్చింది, శాలువా వచ్చింది, సగం అల్లిన మేజోడు వచ్చింది. ఒక్కొక్క వస్తువుతో ఒక మాట వచ్చింది. కొన్ని మాటలకు అతనికి అర్థం తెలియలేదు. తెలిసినవాటి కంటే వాటికే ఎక్కువ తల ఊపాడు. మధ్యాహ్నం వాలింది. గదిలో ఉక్కపోతగా ఉంది. ఇద్దరికీ ఓపిక అయిపోయింది. గూట్లో, గోడకు, మంచం కింద ఇంక ఏమీ మిగల్లేదు.

అప్పుడు ఆమె అడిగింది. "చివర్లో పక్కన ఎవరున్నారు?"

"నేనే."

"ఏమన్నా అందా?"

ఈ ప్రశ్న వస్తుందని నెల రోజుల నుంచీ తెలుసు. ఏదో ఒక మంచి మాట చెప్పి తప్పించుకోవచ్చు. ప్రశాంతంగా పోయిందని, మిమ్మల్నే తలుచుకుందని. ఎవరు కాదంటారు. కుళ్ళాయప్ప అట్లా తప్పించుకోలేదు. చిన్న మాటలతోనే చెప్పాడు.

"ఆమె నన్ను మాట్లాడమంది. నాకు మాట్లాడడం రాదు. పెద్ద మాటలు చెప్పాను."

"ఏం చెప్పారు?"

ఆ వాక్యం మళ్లీ నోటితో చెప్పవలసి వచ్చింది. తల వంచుకుని చెప్పాడు. ఫార్టిట్యూడ్ నుంచి మాగ్నిట్యూడ్ దాకా, ఒక్క అక్షరం తప్పకుండా.

ఒక వింత శబ్దం వినిపించి తలెత్తాడు. ముసలామె నవ్వుతోంది. భుజాలు కదిలేలా నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మీరేనా," అంది. "ప్రతి ఆదివారం ఫోనులో మీ గురించే చెప్పేది. ఇక్కడొకాయన ఉన్నాడమ్మా, దాహం వేస్తోందని చెప్పడానికి కూడా గుడిగోపురమంత మాట వాడతాడు, ఈ వారం ఏమన్నాడో విను, అని. మేమిద్దరం నవ్వుకునేవాళ్లం. ఎగతాళి కాదు, మీరు అట్లా అనుకోవద్దు." ఊపిరి తీసుకుంది. "ఆమె నవ్విందా, మీరు అలా అన్నప్పుడు?"

"నవ్వింది."

"నిజంగా?"

"నిజం. కొంచెమే. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది."

"ఎప్పుడూ గోడ వైపే పడుకునేది, పిచ్చిది." ఆమె చెంపలు తుడుచుకుంది. "నవ్వుతూ పడుకుందన్నమాట." ఆ మాట ఇంకోసారి అనుకుంది, ఈసారి తనకోసం. తర్వాత అతని చాచిన చేతుల వైపు చూసింది. ఇవ్వడానికి వస్తువేదీ లేదు. వాటిని తన రెండు చేతులతో పట్టుకుంది.

"షీ హాడ్ ఎ సాఫ్ట్ స్పాట్ ఫర్ యూ," అంది.

మెత్తని మచ్చ. కుళ్ళాయప్పకు అర్థం కాలేదు. తెలియనిది తెలియదని అడగడం అతనికి అలవాటు లేని పని. అడిగాడు.

ఆమె చెప్పడానికి మాట వెతికింది. దొరకలేదు. అతని చెయ్యి వదిలి, బొటనవేలితో తన గుండె కింద ఒక చోట నొక్కి చూపించింది. "ఇక్కడ," అంది.

సాయంత్రం కారు వెళ్లిపోయింది. చెప్పులు మాత్రం ఆమె తనతోనే తీసుకుపోయింది. కుళ్ళాయప్ప గది ఊడ్చి, తాళం వేసి, కాళ్లీడ్చుకుంటూ అరుగు దగ్గరికి వచ్చాడు. స్తంభానికి చేరగిలబడి కూర్చున్నాడు. కళ్లు మండుతున్నాయి. ఎద్దులబండి ఒకటి పెన్న ఇసకలో అవతలి ఒడ్డుకు చేరేదాకా ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.

"కొత్త మాటలేమన్నా నేర్చుకుంటివా?" అన్నాడు స్వామి చివరికి.

కుళ్ళాయప్ప గది తాళంచెవి తీసి స్వామి చేతిలో పెట్టాడు.

"లేదు స్వామీ," అన్నాడు. "ఇచ్చిపోయినారు."

స్వామి తల ఊపాడు.

"అట్లయితే మర్చిపోవులే," అని లేచి, దీపం పెట్టడానికి లోపలికి వెళ్లాడు.